హనిఫారు మడుగులో మాంటాలు

స్పానిష్ భాషలో ‘మాంటా’ అనగా దుప్పటి. నీటి అడుగున ఉన్నవాని తలమీదుగా నల్లని దుప్పటి పరచినట్లు సాగిపోయే ఈ మహామత్స్యానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఇది సొరచేపకు దాయాది. అయినను దానికున్న కోరలు దీనికి లేవు. దగ్గరి చుట్టాలు కొన్నింటికున్న విషపు ముల్లూ లేదు. తీరపు పగడపు దిబ్బల వద్ద తిరిగే మాంటా రెక్కల వెడల్పు సాధారణంగా 3, 4 మీటర్లు. నడిసముద్రపుది 7 మీటర్ల వరకూ పెరుగుతుంది. ఇంతటి దేహాన్ని పోషించేది కంటికి ఆనీ ఆనని ప్లవకజీవులంటే ఆశ్చర్యం కలుగక మానదు.

మాల్దీవులలోని బా అటాల్ అనే ద్వీపవలయం వీటికి ప్రసిద్ధి. మన పొలాలకు వాన తెచ్చే నైరుతి ఋతుపవనమే అక్కడ మాంటాలకు విందు సమకూర్చుతుంది. ఆ కాలపు ప్రవాహాల వల్ల ద్వీపాల తూర్పు అంచున ప్లవకం సమృద్ధి అవుతుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు హెచ్చినపుడు అది హనిఫారు అనే చిన్న మడుగులోనికి చొచ్చుకొనివచ్చి, వెలుపలికి పోలేక చిక్కుపడుతుంది. ఫుట్‌బాల్ ఆటస్థలమంత చోటది. ఒక్కొక్కనాడు అందులో నూరు మాంటాల వరకూ కూడుతాయి. నోళ్ళు బార్లా తెరచి, ఒకదాని తోకను మరొకటి వెన్నంటి గుండ్రంగా తిరగనారంభిస్తాయి. ఆ వరుస పెరిగిన కొద్దీ నీరే సుడి తిరుగుతుంది. ప్లవకం ఆ సుడి నడుమకు చేరుతుంది.

ఇంతటి దృశ్యం ఉన్నచోటికి జనం రాకుండా ఉంటారా? 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనువారు స్వయం శ్వాసయంత్రాన్ని రూపొందించిన తరువాత సముద్రగర్భం సామాన్యులకు సైతం అందుబాటులోనికి వచ్చింది. హనిఫారులో పడవలూ, సిలిండర్లూ, బుడగలూ క్రిక్కిరిశాయి. తుదకు 2009లో ఆ మడుగును రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. 2012 నుండి అక్కడ సిలిండరుతో దిగుట నిషిద్ధం. ముఖానికి అద్దమూ, నోట గొట్టమూ పెట్టుకొని పైపైన తేలుతూ చూడవలసిందే. అదీ 45 నిమిషాలు మాత్రమే.

దూరదేశాల నుండి సొమ్ము వెచ్చించి వచ్చినవారికి ఇది రుచింపకపోవడం సహజం. మాకు మాత్రం ఇది న్యాయంగానే తోస్తున్నది. భోజనం చేసేవాని విస్తరి చుట్టూ నిలబడి కేకలు వేయడం ఏ మర్యాద? పైగా మాంటా సంతతి చాల మెల్లగా వృద్ధి చెందుతుంది. ఏడాదికి పైగా గర్భం మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మరల కానుపు రెండు మూడేండ్లకో, అంతకు మించియో. దీని మొప్పలలోని జల్లెడ రేకులను ఔషధమని నమ్మి కొనేవారి కోసం పలు సముద్రాలలో వీటిని విరివిగా వేటాడారు. మాల్దీవులలో 2006-08 నడుమ మాంటాలను చూపుట వలననే సాలీనా సుమారు 81 లక్షల డాలర్లు లభించినవని లెక్క కట్టారు. అక్కడి ప్రభుత్వం 2014లో రే చేపలన్నింటికీ చట్టరక్షణ కల్పించింది.

సిలిండరు వేసుకొనేవారికి వేరే చోట్లు లేకపోలేదు. దిబ్బల మీద మాంటాలు ‘స్నానానికి’ వచ్చే రేవులున్నవి. చిరుచేపలు వాటి మొప్పలలోనూ, పొట్ట మీదా పట్టిన పరాన్నజీవులను ఏరి తింటాయి. చూడబోయినవారు రేవు నడుమకు పోక, ఒక ప్రక్కగా ఇసుకకు దగ్గరగా ఒదిగి ఉండాలి. ఊపిరి బిగపట్టరాదు; మెల్లగా, ఎడతెగక పీల్చి విడువవలెను. వెంటపడితే మాంటా తొలగిపోతుంది. కదలకున్నవాని తలమీదికి తానే వస్తుంది. అపుడు దాని తెల్లని పొట్ట మీది నల్లమచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. మన వేలిముద్రల వలె ఏ రెండింటికీ అవి ఒక్కతీరుగా ఉండవు. ఆ మచ్చల ఛాయాచిత్రాల సాయంతోనే అక్కడి పరిశోధకులు వేలకొద్దీ మాంటాలను విడివిడిగా గుర్తించి, ఏది ఏ ఏట ఏ రేవుకు వచ్చినదీ చిట్టా వ్రాసుకొంటున్నారు.