టీచర్ల చర్చకు ఏ వేదిక? – వడమాలపేట నుంచి ఒక మాట

ఈరోజు తెలుగు పంతుళ్ళ కోసం ఒక చిన్న సంగతి. మనలో మనం పాఠాల గురించి మాట్లాడుకోడానికి ఏది వాడాలి? వాట్సాపా, టెలిగ్రామా, గూగుల్ గ్రూప్సా?

మా వడమాలపేట పక్క ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు అనే పిల్లలు ఉంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే పిల్లోడు ‘గది’ని ‘కది’ అని, ‘బడి’ని ‘పడి’ అని రాస్తాడు. అది తెలివితక్కువతనం కాదు, వాడి ఇంటి భాష లెక్క. దీన్ని ఎట్లా సరిచేయాలో ఒక టీచరమ్మ కనిపెట్టి చెప్తే, ఆ మాట వచ్చే ఏడు కొత్తగా వచ్చే టీచరుకు దొరకాల. నా లెక్కలో అసలు పరీక్ష ఇదే.

వాట్సాప్ అందరి దగ్గరా ఉంది, కాదనను. గ్రూపులో 1024 మంది దాకా పడతారు. కానీ గుడ్ మార్నింగ్ బొమ్మలు, సర్క్యులర్ల మధ్య పాఠం మాట మునిగిపోతుంది. కొత్తగా చేరినోళ్ళకు పాత చర్చ మొత్తం కనపడదు. వాయిస్ మెసేజీలో చెప్పింది వెతికితే దొరకదు. ఇంకోటి, గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మన ఫోన్ నంబరు తెలుస్తుంది. ఆడవాళ్ళు చానామంది అందుకే నోరు మెదపరు. అదే గ్రూపులో ఆఫీసర్లు కూడా ఉంటే ‘నాకిది రాలేదు’ అని ఎవరు అడుగుతారు చెప్పండి?

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, పాత చర్చ కొత్తోళ్ళకు కనపడేట్టు పెట్టుకోవచ్చు. గోల మాత్రం అక్కడా తప్పదు.

నేనైతే గూగుల్ గ్రూప్సే అంటాను. పాతకాలం సరుకులా ఉంటుంది, నిజమే. మెయిల్ తెరిచే అలవాటు మనకు తక్కువ, అదీ నిజమే. కానీ ప్రతి చర్చకూ ఒక శీర్షిక ఉంటుంది. ‘3వ తరగతి – క, గ తేడా’ అని పెడితే మూడేళ్ళ తర్వాత కూడా వెతికి తీసుకోవచ్చు. ఒక్క షరతు: తెలుగు తెలుగు లిపిలోనే రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తే ఏ వెతుకులాటా పనిచేయదు.

ఏదీ శాశ్వతం కాదు సుమా. యాహూ గ్రూప్స్‌లో ‘రచ్చబండ’ లాంటి తెలుగు సాహిత్య చర్చలు ఏళ్ళ తరబడి సాగినాయి. 2019 డిసెంబరులో అక్కడి పాత ఉత్తరాలు, ఫైళ్ళు తీసేశారు. 2020 డిసెంబరు 15న మొత్తమే మూసేశారు. ముందే దించుకున్నోళ్ళ దగ్గర మిగిలినవే మిగిలినాయి. కాబట్టి గూగుల్ గ్రూపు పెట్టినా, దాని ఓనరు ఎండాకాలం సెలవుల్లో ఒకసారి ‘టేకౌట్’ ద్వారా చర్చలన్నీ దించి, పెన్‌డ్రైవులో ఇంకో ఇద్దరికి ఇవ్వాల. ఓనర్లుగా కూడా ఇద్దరు ముగ్గురిని పెట్టండి, ఒకరికి ట్రాన్స్‌ఫర్ అయినా గ్రూపు నడుస్తుంది.

వాట్సాప్ తీసేయమనట్లేదు. ‘రేపు మీటింగు పదికి’ అనడానికి దాన్ని మించింది లేదు.