గుంట నీటికి వచ్చిన మాటలు, కుండ నీటికి రాని మాటలు

హైడ్రోజన్‌కూ నీటికీ సంబంధించిన రసాయన, వైద్య పదాలు మన నెల్లూరు తీరంలో ఎలా బతుకుతున్నాయన్నది ఈ ఏటి ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం. పరిభాష మీద మన వాళ్ల చర్చ ఎప్పుడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: హైడ్రోజన్ అనాలా, ఉదజని అనాలా? ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ నా వాదం ఇంకోచోట మొదలవుతుంది. సంస్కృతం నుంచి కట్టుకున్న మాటైనా, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటైనా, దాని వెంట ఒక కొలత, ఆ కొలత చూసి చెయ్యవలసిన పని ఒకటి ఉంటే జనం నోట నిలుస్తుంది. అవి లేకపోతే నిఘంటువులోనే ఉండిపోతుంది. మన తీరంలో రొయ్యల గుంటల్లోని నీటికి అలాంటి భాష వచ్చింది. మనం తాగే నీటికి, మన ఒంట్లోని నీటికి ఇంకా రాలేదు. రావాలని, రాగలదని చెప్పడమే నా ఉద్దేశం.

దీనికి మొదటి రుజువు పొలం గట్టు మీదే దొరుకుతుంది. పాతతరం తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని, నత్రజని పక్కపక్కనే ఉండేవి. మూడూ ఒకే అచ్చులో పోసిన మాటలు. కృత్రిమంగా ఉండడమే తప్పయితే ఆ తప్పు మూడింటికీ సమానం. అయినా మొదటి రెండూ బడి గడప దాటి పెద్దగా బయటికి రాలేదు. నత్రజని మాత్రం పెన్నా ఆయకట్టు కింద వరి వేసే ఏ రైతుకైనా తెలుసు. నత్రజని, భాస్వరం, పొటాష్ అని ఒక్క ఊపిరిలో అంటాడు. అందులో రెండు సంస్కృతపు మాటలు, ఒకటి ఇంగ్లీషుది. పలికేవాడికి ఆ తేడాతో పని లేదు. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని రాసి ఉంటుంది, ఎకరానికి ఎంత వెయ్యాలో, ఎన్ని దఫాలుగా వెయ్యాలో దాన్ని బట్టి లెక్క కడతాడు. ఉదజనికి అలాంటి బస్తా లేదు. పండితులు కట్టిన మాటలు జనానికి ఎక్కవనే వాళ్లకూ, ఇంగ్లీషు మాట చేరితే తెలుగు చెడిపోతుందనే వాళ్లకూ నత్రజని, భాస్వరం, పొటాష్ అనే మూడు మాటలే నా జవాబు.

ఇప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు వద్దాం. టైగర్ రొయ్యను 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ దెబ్బ తీసింది. 2009లో వెనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. గుంట గట్టు మీద నిత్యం వినిపించే మాటలు పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా, సెలినిటీ. చిన్న గాజుగొట్టంలో గుంట నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చి అంకె చెబుతారు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తారు. పగలు నీటిలోని పాచి ఎండలో కార్బన్ డయాక్సైడును వాడుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగున ఉన్న సూక్ష్మజీవులు ఊపిరి తీసుకుని ఆ వాయువునే వదులుతాయి కాబట్టి తెల్లారేసరికి తగ్గుతుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా అరకు మించకుండా చూసుకోవాలన్నది గుంట దగ్గర మొదటి పాఠం. పీహెచ్ అంటే నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే అంకె. 1909లో కోపెన్‌హాగెన్‌లో సోరెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. అంకె ఒకటి తగ్గితే అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. ఈ అంకె రొయ్యకు ప్రాణసంకటం కావడానికి రెండు దారులున్నాయి. మేత మిగులూ రొయ్యల విసర్జనా కలిసి అమోనియాను పుట్టిస్తాయి. దానికి ఒక హైడ్రోజన్ అయాన్ అతుక్కుని అమోనియంగా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. పీహెచ్ పెరిగితే ఆ హైడ్రోజన్ ఊడిపోయి విషపు అమోనియా మిగులుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర ఈ విషపు వాటా నూటికి ఒక పాలు కూడా ఉండదు, 9కి చేరితే నలభై పాళ్ల దాకా పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు కథ దీనికి తలకిందులు. గుంట అడుగు నల్లబారి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే చోట పుట్టే ఈ విషంలో పీహెచ్ పడిపోయినకొద్దీ హైడ్రోజన్ అంటిపెట్టుకునే ఉంటుంది, అలా ఉన్నప్పుడే అది చంపుతుంది. ఒక విషంలో హైడ్రోజన్ పోతే ముప్పు, ఇంకోదానిలో పోకపోతే ముప్పు. ఈ రెంటి నడుమ ఇరుకైన దారిలో పంటను నడిపిస్తున్నాడు మన తీరపు రైతు. సున్నం ఎప్పుడు చల్లాలో, మేత ఎప్పుడు ఆపాలో, ఏరేటర్ ఎంతసేపు తిప్పాలో ఆ అంకెను బట్టే తేల్చుకుంటున్నాడు.

రైతుకు పీహెచ్ అనే పలుకే తెలుసుగానీ హైడ్రోజన్ అయాన్ సంగతి తెలియదు, అది చిలక పలుకు అని కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. పొద్దున అంకె వేరు, సాయంత్రం అంకె వేరు అని తెలిసి రెండుసార్లు కొలిచేవాడికి ఆ మాటలోని సారం సగానికి పైగా అందినట్టే. మిగతా సగం బడిలో ఉంది. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో ఆమ్లాలు, క్షారాల పాఠంలో పీహెచ్ నిర్వచనం అదే ఊరి పిల్లలు వల్లె వేస్తున్నారు. నిర్వచనం ఒక చోట, కొలత ఇంకో చోట ఉండిపోవడమే లోపం. ఈ రెంటినీ కలిపే బాధ్యత చదువు చెప్పేవాళ్లది.

తాగే నీటి దగ్గరికి వస్తే మనకు ఆధారం నాలుకే. ఉప్పు నీళ్లు, చప్ప నీళ్లు, మంచినీళ్లు అని నాలుక చెప్పిందే మాట. తీరంలో అది చాలా కాలం సరిపోయింది. ఇసుక నేలల్లో వాన నీరు తేలిక కాబట్టి పైన నిలిచి, దాని కింద ఉప్పునీరు ఉంటుంది, ఎక్కువ తోడితే ఉప్పు పైకి ఎక్కుతుంది. రొయ్యల గుంటల వల్ల తాగే బావులు ఉప్పుబారడం దేశమంతా చర్చకు వచ్చి, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో ఇచ్చిన తీర్పులో ముఖ్యాంశమైంది. ఆ తర్వాత ఊరూరా వాటర్ ప్లాంట్లు, క్యాన్లు వచ్చాయి. వాటితో పాటు ఒక్క సాంకేతిక పదం మాత్రం ఇంటింటికీ చేరింది: టీడీఎస్. కొలత ఉంది, అంకె ఉంది, జనం దాన్ని చూసి నీళ్లు కొంటున్నారు. నా వాదానికి ఇదీ సాక్ష్యమే. అయితే ఈ మాట ఒక్కటే సరిపోదు. కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తమే టీడీఎస్, అందులో ఏది ఎంతో చెప్పదు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము హద్దులు. వేరే నీరు దొరకని చోట అవి 2000, 1.5. నాలుగు వందల టీడీఎస్ చూపించే నీటిలో ఫ్లోరైడు రెండు మిల్లీగ్రాములు ఉన్నా ఆ అంకెలో దాని జాడ కనిపించదు. రక్తపోటు ఉన్న మనిషి ఆ నీటిలో సోడియం ఎంతో తెలుసుకోవాలన్నా అది చెప్పదు.

ఫ్లోరైడు మెట్ట ప్రాంతపు బాధ కదా, తీరానికేం సంబంధం అంటారా? సంబంధం మన జిల్లా చరిత్రలోనే ఉంది. మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదికగా వైద్యులు చెప్పుకునేది 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించిన వ్యాసం, అది నెల్లూరు జిల్లా గురించే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా ఆ మెట్ట వైపు కనిగిరి, పొదిలి, దర్శి కూడా మన జిల్లాలోనివే. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, పైగా చిక్కబడుతుంది. నాలుక ఓడిపోయే చోటు ఇదే, కాబట్టి మాట, కొలత అత్యవసరమయ్యే చోటూ ఇదే. దీని పనితీరు కాస్త నిదానంగా చూడాలి. గూడూరు, సైదాపురం గనుల్లో దొరికే అభ్రకం లాంటి ఖనిజాల్లో ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా ఉండే హైడ్రాక్సిల్‌కు ఒక స్థానం ఉంటుంది. సైజులో, విద్యుదావేశంలో దాదాపు సమానమైన ఫ్లోరైడు అదే స్థానంలో కూర్చోగలదు. భూమిలోని నీరు క్షారగుణంతో, కాల్షియం తక్కువగా ఉంటే నీటిలోని హైడ్రాక్సిల్ రాతిలోకి వెళ్లి ఫ్లోరైడును బయటికి నెడుతుంది. ఆ నీటిని ఏళ్ల తరబడి తాగిన మనిషి ఎముకలో ఇదే మార్పిడి తిరగబడి జరుగుతుంది. ఎముకకూ పంటికీ గట్టిదనం ఇచ్చే పదార్థం పేరు హైడ్రాక్సీ అపటైట్. దానిలోని హైడ్రాక్సిల్‌ను తోసి ఫ్లోరైడు ఆ చోట కూర్చుంటుంది. పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దయ్యాక వెన్ను బిగుసుకుపోతుంది. బావి నీటి పీహెచ్, రాతిలోని హైడ్రాక్సిల్, బిడ్డ పంటి మీద మచ్చ ఒకే గొలుసు అని తెలియజెప్పడానికి మనకు కావలసిన మాటలన్నీ గుంట గట్టు మీద ఇప్పటికే సగం నలిగి ఉన్నాయి.

ఒంట్లోని నీటికి మనకు మాటలు లేవని కాదు. కాళ్లకు నీరు పట్టింది, జలోదరం, వరిబీజం అన్నవి పాతవే, చక్కనివే. కొత్తవాటి దగ్గరే తికమక. ఇంగ్లీషులో హైడ్రో అనే ఉపసర్గ ఒకచోట నీటిని, ఇంకోచోట హైడ్రోజన్‌ను సూచిస్తుంది. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడ్‌ను జనం నీరు తీసే మాత్ర అంటారు. దాని పని అదే. పేరులోని హైడ్రో మాత్రం నీటి గురించి కాదు, క్లోరోథయజైడ్ అణువుకు చేర్చిన హైడ్రోజన్‌ల గురించి. ఇక్కడ జల అనీ ఉదజని అనీ విడదీసి చెప్పగలగడం తెలుగు పరిభాషకున్న సౌలభ్యం. దాన్ని వైద్య విద్యార్థికి అందించాలి. డీహైడ్రేషన్ మాట ఇంకా పెద్ద పొరపాటుకు దారి తీస్తుంది. నిర్జలీకరణం అన్నా, ఒంట్లో నీరు తగ్గిందన్నా పోయేది నీరొక్కటే అనిపిస్తుంది. వేసవిలో ఇసకపల్లి ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి చెమటలోనూ, వాంతులు విరేచనాలైన బిడ్డలోనూ నీటితో పాటు లవణాలు పోతాయి. వట్టి నీళ్లు ఎంత తాగించినా ఆ లోటు తీరదు. చాలామంది వెంటనే సెలైన్ పెట్టమని అడుగుతారు. మింగగల స్థితిలో ఉన్న మనిషికి ఎక్కువసార్లు ఓఆర్ఎస్ ప్యాకెట్ చాలు. ఆ ప్యాకెట్ వెనక చూడండి: లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, అన్‌హైడ్రస్ గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9. అన్‌హైడ్రస్ అంటే స్ఫటికంలో నీరు లేనిది, డైహైడ్రేట్ అంటే అణువుకు రెండు నీటి అణువులు అంటుకుని ఉన్నది. తూకంలో ఆ నీరు కూడా చేరుతుంది కాబట్టే చెప్పాలి. గ్లూకోజ్ ఉన్నది బలానికని చాలామంది అనుకుంటారు. పేగు గోడలో అది సోడియంను వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, సోడియం వెనకే నీరు పోతుంది. ప్యాకెట్‌ను సగం నీళ్లలో కలిపినా, రెట్టింపు నీళ్లలో కలిపినా ఆ లెక్క చెడుతుంది. సిట్రేట్ ఎందుకంటే, విరేచనాల్లో బైకార్బొనేట్ పోయి రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది, దాన్ని సరిచెయ్యడానికి. రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య ఉండాలి. గుంటలో అర అంకె తేడాకు జాగ్రత్తపడే తీరంలో, ఒంట్లో పదో వంతు అంకె తేడా ఎంతటిదో అర్థం చేసుకోలేని ఇల్లు ఉంటుందా?

సగం తెలిసిన మాటలు మోసాలకు దారి తీస్తాయన్న భయం ఒకటుంది. ఆల్కలైన్ వాటర్, హైడ్రోజన్ వాటర్ పేరుతో అమ్మకాలు చూస్తూనే ఉన్నాం. ఆ భయం న్యాయమైనదే. కానీ మందు తెలియకపోవడం కాదు, ఇంకొంచెం తెలియడం. జీర్ణాశయంలో గట్టి ఆమ్లం ఉంటుందని, రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపు కాస్తాయని తెలిసినవాడికి ఏ సీసా నీళ్లూ తన రక్తాన్ని క్షారం చెయ్యలేవని అర్థమవుతుంది.

మాటలతో నీరు శుభ్రపడదు, 1937లోనే పేరు పెట్టినా జబ్బు పోలేదు కదా అన్నది ఇంతకన్నా బలమైన ఆక్షేపణ. నిజమే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నల్లగొండ పేరుతో నీరీ అనే పరిశోధన సంస్థ అభివృద్ధి చేసి దశాబ్దాలు గడిచాయి. జ్ఞానం నివేదికల్లో ఉంది, పద్ధతి చేతిలో ఉంది. నీళ్లు తాగే మనిషి చేతిలో అంకె లేదు కాబట్టి అడగవలసిన వాళ్లను ఆయన అడగలేకపోయాడు. అందుకే నేను కోరేది చిన్నదే. ప్రతి ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద, ప్రతి వాటర్ ప్లాంటు గోడ మీద నాలుగు అంకెలు తెలుగులో రాయించాలి: పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడు, సోడియం. పక్కన ఎంతలోపు ఉండాలో, ఏ తేదీన పరీక్షించారో ఉండాలి. కావలి నుంచి కోట దాకా రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబులున్నాయి. హైస్కూలు సైన్సు మాస్టారు ఆరు నెలలకోసారి పిల్లలతో ఊరి బావుల నీళ్లు సీసాల్లో పట్టించి అక్కడికి పంపవచ్చు. పీహెచ్, టీడీఎస్‌లను బడిలోనే కొలవవచ్చు. వచ్చిన అంకెలను పిల్లలే గోడ మీద రాయాలి, పాత అంకెలను చెరపకుండా పక్క వరసలో.