ఊరి మాత్ర, పట్నపు మంచము
(పంచాయతీ సభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమీర్‌పేటలోని ఈ సభకు వచ్చునపుడు, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి వాకిట మూటలతో కూర్చున్న పల్లెవాసులను మీరు చూచియుందురు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ అట్టి పేదలకు పెద్ద చికిత్సల భారమును తగ్గించినది. తెలంగాణలో దాని పరిమితి 2023లో కుటుంబమునకు సాలీనా 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెరిగినది. అయితే ఆ ధనము మనము కట్టు పన్నులే గదా! అది తరుగక నిలుచుటెట్లు?

చెరువు కట్టకు బొరియ పడినపుడు తట్టెడు మన్ను చాలును. గండి పడినచో ఊరంతయు కదలినను చాలదు. రక్తపుపోటును, మధుమేహమును ఊరిలోనే గుర్తించినచో మాత్రలతో అదుపులో ఉండును. ఉపేక్షించినచో మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ చేయింపవలసి వచ్చును.

రాజ్యాంగపు 11వ షెడ్యూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను పంచాయతీల విషయములలో చేర్చినది. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకు 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది.

కావున గ్రామసభలో రెండు ప్రశ్నలు అడుగుడని మేము కోరుచున్నాము: ముప్పది యేండ్లు దాటిన వారందరికి పరీక్షలు జరిగినవా? ఉపకేంద్రమున మాత్రలు నిలువ ఉన్నవా?

పట్నపు మంచము అవసరమైన వానికి దొరకవలెను. ఆ అవసరమును తగ్గించుట మన వంతు.