ఆకాశంలో కాపురం

అంతరిక్షంలో మనుషులు కాపురముండే ఊరికి ప్లాను వేయండంటూ 1994లో అమెరికాలోని నాసా ఏమ్స్ కేంద్రం బడిపిల్లలకు పోటీ మొదలుపెట్టింది. మన దేశం నుంచీ ఎందరో పిల్లలు పాల్గొన్నారు.

1975లో ప్రొఫెసర్ ఓనీల్ ప్రభృతులు వేసిన నమూనాలో 10,000 మంది ఉండే ఊరు బండిచక్రంలా నిమిషానికోసారి తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్లే కాళ్ళు నేలకు ఆనతాయి. సరే, గాలీ, నీళ్ళూ, తిండీ మాటేమిటి? వాడిన నీళ్ళే శుభ్రం చేసుకోవాలి. కూరల తొక్కలూ వృథా పోకూడదు. ఇదంతా మన గృహనిర్వహణే కదండీ!

కనుక మీ అమ్మాయి ఇలాంటి ప్లాను గీస్తూ కూర్చుంటే, "పరీక్షలు పెట్టుకుని ఇదేమిటే, ఆడపిల్లకెందుకే" అని కసరకండి. "పదిమందికి రోజుకెన్ని బిందెల నీళ్ళు?" అని అడగండి. ఆ లెక్క మనకన్నా ఎవరికి బాగా తెలుసు? సెలవు.