మా అమ్ములు నాలుగో కాలు

(అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా సూరత్‌లో మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 3 సందర్భంగా నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు, రుణ వసూళ్ల గురించైతే గంట మాట్లాడతాను గానీ దీని గురించి నావల్ల కాదన్నాను. ఇంటికెళ్లి ఆ మాటే చెబితే మా అమ్మాయి, "నా కాలు గురించేగా నాన్నా, నేను చెబుతాలే, నువ్వు రాసుకో" అంది. కాబట్టి ఇందులో సగం తనది. తనకిప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో అమ్ములు అంటాం. ఇక్కడ ఏది చెప్పచ్చో, ఏది చెప్పకూడదో నిన్న రాత్రి తనే తేల్చింది.

మాది తెనాలి దగ్గర పల్లె. సూరత్‌కు బదిలీ మీద వచ్చిన కొన్ని నెలలకే అది జరిగింది. అమ్ములుకి నాలుగున్నరేళ్లు. స్కూటరు ముందు నిలబెట్టుకుని కూరగాయలకు తీసుకెళ్లాను. వెనక నుంచి ఒక టెంపో తగిలింది. నాకు మోచేయి చీరుకుపోయింది, అంతే. దాని కుడి కాలు చక్రం కింద పడింది. మూడు రోజులు ప్రయత్నించి, ఇక లాభం లేదని డాక్టర్లు మోకాలి కింద తీసేశారు. మోకాలు మిగలడం చాలా మేలని చెప్పారు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం నాదే. బ్యాంకులో రోజుకెన్నో సంతకాలు పెడతాం. ఆ రోజు మాత్రం చెయ్యి ఒణికి, సరిగ్గా పడలేదని నర్సు రెండోసారి పెట్టించింది.

ఐదో రోజున అమ్ములు దుప్పటి తీసి చూసుకుంది. "నాన్నా, మళ్లీ మొలుస్తుందా?" అని అడిగింది. "మొలుస్తుందమ్మా" అన్నాను. ఆ క్షణాన నోటికి వచ్చిన మాట అది. దానికి వడ్డీతో సహా తర్వాత కట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

కాలు తీసేసిన వెంటనే కొత్త కాలు పెట్టేస్తారని నేను అనుకునేవాణ్ని. అలా కాదు. ముందు గాయం మానాలి, వాపు తగ్గాలి. మిగిలిన కాలికి సాగే బ్యాండేజీని కొస దగ్గర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా చుట్టాలి. మా ఆవిడ రెండు రోజుల్లో నేర్చుకుంది, నాకు రెండు వారాలు పట్టింది. మా అత్తయ్య ప్రేమకొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేవారు. అలా పెడితే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుందని, తర్వాత నడక రాదని ఫిజియోథెరపిస్టు దిండు తీయించారు. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమన్నారు. పాపం, ఆవిడ ఆ దిండు తీసి అటక మీద పెట్టేసి ఏడ్చారు.

తర్వాత ప్లాస్టర్‌తో అచ్చు తీశారు. దాన్ని బట్టి మిగిలిన కాలు దూరే తొడుగు చేస్తారు. దాన్ని సాకెట్ అంటారు. దాని కింద గొట్టం, గొట్టం చివర పాదం. పాదం ఎంత మంచిదైనా సాకెట్ కుదరకపోతే పిల్ల నడవదు. మొదట్లో రోజుకు పదిహేను నిమిషాలే తొడగాలి. తీశాక చర్మం చూడాలి. ఎర్రబడినచోట కాసేపటికి మామూలైతే ఫరవాలేదు, అలాగే ఉండిపోతే సాకెట్ ఒరుసుకుంటోందని అర్థం. సాయంత్రానికి కాలు కాస్త తగ్గి సాకెట్ వదులవుతుంది, అప్పుడు ఇంకో మేజోడు తొడగాలి. రాత్రి కాలు తీసేసి, సబ్బుతో కడిగి, పొడిగా తుడవాలి. ఇదంతా మాకు పళ్లు తోముకోవడం లాంటి పని అయిపోయింది.

కానీ అమ్ములుకి ఆ కాలంటే అసహ్యం. "అది నాది కాదు, వాళ్లకిచ్చేయండి" అని మంచం కిందకు తోసేసేది. ఇంట్లో పాకుతూ, ఒంటికాలి మీద గెంతుతూ మాకంటే వేగంగా తిరిగేది. అది తొడిగితేనే నెమ్మది. దాని లెక్కలో అది కాలు కాదు, బరువు. నేనేమో ఎత్తుకునేవాణ్ని. గది నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి లిఫ్టుకి, లిఫ్టు నుంచి ఆటోకి. ఎత్తుకోవద్దని ఫిజియోథెరపిస్టు రెండుసార్లు చెప్పారు. నేనే పోగొట్టాను కదా, నేనే మోయాలని నా మనసులో ఉండేది.

లింబాయత్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత మంది. వాళ్లలో ఒక పెద్దాయన పాసుబుక్కు వేయించుకోవడానికి మా బ్రాంచికి వచ్చేవారు. ఒక శనివారం అమ్ముల్ని ఎత్తుకుని బ్రాంచికి వెళ్తే ఆయన చూసి, "ఎన్ని దినాలు ఎత్తుకుంటవ్ సారూ? పొల్ల పెద్దగైతది, నువ్వు ముసలోడివైతవ్. దించు" అన్నారు.

దించాను. నాలుగడుగులు వేసి కౌంటరు ముందు పడింది. నేను పరుగెత్తబోతే ఆయన నా చొక్కా పట్టుకుని ఆపారు. అమ్ములు కుర్చీ పట్టుకుని లేచింది. క్యూలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అది మూతి ముడుచుకుని, "ఎందుకు కొడుతున్నారు?" అని తెలుగులో అడిగింది. అక్కడున్న గుజరాతీలకు అర్థం కాలేదు గానీ, నాకు బాగానే అర్థమైంది.

ఇక ఆ అబద్ధం సంగతి. ఆరో ఏట దానికి ముందు పన్ను ఊడింది. మన అలవాటు ప్రకారం కప్పు మీదకు విసరాలంటే అపార్టుమెంటులో కప్పేదీ? టెర్రస్ మీద విసిరి వచ్చాం. కొన్నాళ్లకు కొత్త పన్ను కనిపించింది. అద్దంలో చూసుకుని పరుగున వచ్చి, "పన్ను వచ్చేసింది నాన్నా! మరి కాలు?" అంది. ఏడాదిన్నర నుంచి అది ఎదురుచూస్తోందన్నమాట. ఈ కాలు మీద దానికి ఎందుకు ఇష్టం కలగలేదో నాకప్పుడు తెలిసింది. అసలుది వస్తుందని చెప్పినప్పుడు, అద్దెదాని మీద ఎవరికి మనసు పడుతుంది?

"లేదమ్మా, కాలు మొలవదు. ఆ రోజు నాకు భయమేసి అబద్ధం చెప్పాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బండి నువ్వే నడిపావు కదా?" అంది. అవునన్నాను. "నీకు దెబ్బ తగిలిందా?" అంది. మోచేతికన్నాను. "చూపించు" అంది. మచ్చ మీద వేలు పెట్టి చూసింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున మేము లేచేసరికి కాలు తనే తొడుక్కుని కూర్చుంది. ఇది చెప్పచ్చా అని నిన్న అడిగితే, "చెప్పు, కానీ ఏడవకు" అంది.

ఆ రోజుల్లో బంధువులందరూ చెప్పింది ఒకటే, 'మయూరి' చూపించమని. నర్తకి సుధాచంద్రన్‌కు 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం జరిగి కాలు తీసేయడం, జైపూర్ కాలితో ఆమె మళ్లీ వేదికెక్కడం, సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ చిత్రంలో తన కథలో తనే నటించడం మన తరానికి తెలిసిందే. ఆ కాలు 1968లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో పుట్టింది. డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, పెద్ద చదువులు లేకపోయినా చేతిపనిలో దిట్ట అయిన రామచంద్ర శర్మ కలిసి చేశారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి, చెప్పుల్లేకుండా నడవడానికి వీలుగా మన బతుకు చూసి చేసిన రబ్బరు పాదం అది. 1975లో డి.ఆర్. మెహతా గారు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించి వాటిని ఉచితంగా అమర్చడం మొదలుపెట్టారు. తర్వాత ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా, సెబీ ఛైర్మన్‌గా పనిచేశారు. మన సీనియర్లకు ఆ హోదాల్లో ఆయన తెలిసే ఉంటారు.

సినిమా అంతా చూసి అమ్ములు అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ అక్క కాలు పొట్టి అయిపోలేదా?"

చిన్నపిల్లల విషయంలో అసలు సంగతి ఇదే. సుధాచంద్రన్ అప్పటికి దాదాపు ఎదిగిన అమ్మాయి. చంటిపిల్లల సంగతి వేరు. కాలు ఎదగదు, పిల్ల ఎదుగుతుంది. ఐదేళ్ల లోపు సుమారు ఏడాదికో కొత్త కాలు, పన్నెండేళ్ల దాకా రెండేళ్లకొకటి, ఆ తర్వాత ఎదుగుదల ఆగేదాకా మూడు నాలుగేళ్లకొకటి కావాలని చెబుతారు. లోపలి ఎముక కూడా ఊరుకోదు. కోసినచోట కొస సూదిగా పెరిగి చర్మాన్ని పొడుస్తుంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్. పోయిన వర్షాకాలంలో మాకు అదీ అయింది. "మీ పాప అలవాటు పడిపోయిందా?" అని మీరందరూ ఆప్యాయంగా అడుగుతారు. పడిపోవడం అంటూ ఉండదండీ. అలవాటు పడిన కాలు పొట్టి అవుతుంది, మళ్లీ అచ్చు, మళ్లీ పదిహేను నిమిషాలు, మళ్లీ ఒరుపు. మనకు మూడేళ్లకో బదిలీ వచ్చినట్టే. కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త బడి. మన పిల్లలు మొదటి నెల ఏడుస్తారు, మూడో నెలకు ఆ ఊరి భాష మాట్లాడతారు. అమ్ములుకి కాలు కూడా అలాగే. "ఇది కూడా ట్రాన్స్‌ఫరే" అని చెబితే దానికి ఇట్టే అర్థమైంది.

రెండో కాలు చేసేటప్పుడు, సాకెట్ పోత పోసేటప్పుడు పై పొరగా మనకు నచ్చిన బట్ట వేయచ్చని అక్కడి నిపుణుడు చెప్పారు. సూరత్‌లో బట్టకు కరువా? రింగ్‌రోడ్డు మార్కెట్‌కు వెళ్లాం. మా ఆవిడ ఒంటి రంగుది వెతుకుతోంది, ఎవరికీ తెలియకుండా ఉంటుందని. అమ్ములు పసుపు మీద ఆకుపచ్చ చిలకలున్నది పట్టుకుంది. "తెలియకపోతే ఎలా? బస్సులో తొక్కేస్తారు" అంది. ఆ ఏడాది నవరాత్రుల్లో గర్బాకి పొడుగు చనియా చోళీ కుట్టించాం. పాదానికి తగిలి రెండుసార్లు పడింది. మూడోసారి పిన్నీసులతో పైకి మడుచుకుని చిలకలు కనబడేలా వెళ్లింది. అంతకుముందు ఏడాది కుర్చీలో కూర్చుని చూసిన పిల్ల, ఆ ఏడు మూడు చప్పట్ల గర్బాలో అందరికంటే ఒక చప్పట్టు వెనకగా తిరిగింది. తిరిగిందంతే.

కష్టాలు లేవని కాదు. కొన్ని రాత్రులు, లేని బొటనవేలు దురద పెడుతోందని ఏడ్చేది. అది నటన కాదు, మెదడులో ఆ వేలు ఇంకా ఉంటుంది. మన దేశంలో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీనికి అద్దం పద్ధతి చెప్పారు. ఉన్న కాలిని అద్దంలో చూపిస్తూ కదిలిస్తే, లేనిది కదిలినట్టు మెదడుకు తోస్తుంది. మేము అల్మారా అద్దం ముందు చేయించాం. తగ్గింది. అద్దం వల్లనో, రోజులు గడవడం వల్లనో చెప్పలేను.

బ్యాంకు కుటుంబాలకు పనికొచ్చేవి రెండు మూడు చెప్పి ముగిస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నిర్దేశించిన మేర వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. యూడీఐడీ కార్డు ముందుగా తీసుకోండి, అన్నింటికీ అదే ఆధారం. ఆదాయ పరిమితికి లోబడినవారికి కేంద్రం ఏడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తుంది. మన దగ్గర పనిచేసే సహాయకులకు, సెక్యూరిటీ గార్డులకు ఆ సంగతి చెప్పండి. వైకల్యమున్న బిడ్డను చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించవచ్చని కేంద్ర సిబ్బంది శాఖ 2014లో ఉత్తర్వు ఇచ్చింది. అడగడానికి నేను సిగ్గుపడి ఏడాది ఆలస్యం చేశాను. మీరు సిగ్గుపడకండి.

ఇలాంటి ఇంటికి వెళ్తే "అయ్యో" అనకండి, "ఎంత ధైర్యమో" అని కూడా అనకండి. మీ పిల్లలు "ఆ కాలేంటి?" అని అడిగితే నోరు మూయించకండి. అమ్ములు చెబుతుంది. కావాలంటే తట్టి చూడనిస్తుంది. కౌంటరు దగ్గర కర్రతో వచ్చిన ఖాతాదారుణ్ని చెయ్యి పట్టుకుని లాగకుండా, సాయం కావాలా అని ముందు అడగండి.

ఇంట్లో గుమ్మం చెక్క మీద అమ్ములు ఎత్తు పెన్సిలుతో గీస్తాం. కాలు పొట్టి అయిందని తెలిసిన ప్రతిసారీ ఘారీ తెచ్చుకుంటాం, పిల్ల ఎదిగింది కాబట్టి. పోయిన వారం నాలుగో కాలికి అచ్చు ఇచ్చి వచ్చాం. ఈసారి బట్ట మీద గాలిపటాలు. ఉత్తరాయణ్‌కు టెర్రస్ మెట్లు తనే ఎక్కుతుందట. నన్ను వెనక ఫిర్కీ పట్టుకుని నిలబడమంది, చెయ్యి పట్టుకోవద్దంది.