నా పాట ఎవరికి కావాలె?



పోయిన వారం మన రాత్రి బడికి రేడియో వాళ్లు వచ్చారు. బతుకమ్మ పాటలు బాగా పాడేది ఎవరని అడిగారు. అందరూ ఒక అక్క వైపే చూశారు. ఆ అక్క పొద్దంతా తాండూరు నాపరాయి పాలిష్ మిషన్ కాడ పని చేస్తుంది. పండుగకు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్ల చప్పట్లు కలుస్తాయి. కానీ ఆ రోజు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"నేను కూలిదాన్ని. నా పాట ఎవరికి కావాలె? తప్పు పోతే ఊరంతా నవ్వుతది" అని లేచి ఇంటికి పోయింది. రేడియో వాళ్లు మళ్లీ వస్తామని చెప్పి పోయారు.

అక్కలారా! ఆమెకు పాట రాక కాదు. "నీకేం తెలుసు, నోరు మూసుకో" అనే మాట మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఇప్పుడు ఎవరూ అనకున్నా మనకు మనమే అనుకుంటున్నాం.

పక్క జిల్లా సంగతి ఒకటి చెప్తాను. వికారాబాద్ స్టేషన్ నుంచి ఒక రైలు దారి తాండూరుకు వస్తుంది. ఇంకో దారి జహీరాబాద్ మీదుగా బీదర్ పోతుంది. ఆ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అనే ఊరుంది. అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. చుట్టు ఊళ్లలో పేద దళిత ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. జొన్నలు, కొర్రలు, కందులు పండించుకున్నారు.

వాళ్లకు అనుకోని అవకాశం ఒకటి వచ్చింది. వీడియో కెమెరా నేర్పుతామన్నారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ అందులో ఒకరు. కూలి పని చేసిన మనిషి. బడికి పోలేదు. అయినా కెమెరా పట్టింది, సినిమాలు తీసింది.

వాళ్లు ఎట్లా నేర్చుకున్నారు? తెలియని పనిని తెలిసిన మాటలతో నేర్చుకున్నారు. కెమెరా పై నుంచి పెడితే మనిషి చిన్నగా కనబడతాడు. కింద నుంచి పెడితే పెద్దగా కనబడతాడు. కళ్లకు సమానంగా పెడితే ఉన్నంతే కనబడతాడు. దీనికి వాళ్లు "సంఘం షాట్" అని పేరు పెట్టారు. ఎందుకంటే సంఘంలో అందరూ సమానం.

2001లో ఈ ఆడవాళ్లు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల గోస మీద 2003లో సినిమా తీశారు. ఆ సినిమాను వేరే దేశాల వాళ్లు కూడా చూశారు.

రేడియో కథ కూడా ఇట్లాంటిదే. మాచ్‌నూర్ ఊళ్లో పాటలు, విత్తనాల సంగతులు, ఇంటి వైద్యం టేపుల్లో నింపి పెట్టుకున్నారు. గాలిలో వదలడానికి అనుమతి లేదు. అయినా పని ఆపలేదు. ఆ టేపులను సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో ప్రభుత్వం నియమం మార్చింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. అవకాశం వచ్చేనాటికి వాళ్ల చేతిలో పని తయారుగా ఉంది.

మన అక్క చేతిలో ఏముంది? ఇన్నేండ్లు పాడిన పాటలున్నాయి. అవి ఒక్క రోజులో వచ్చినవి కావు. మరి భయం? ముందు భయం పోవాలి, తర్వాత పాడాలి అనుకుంటే ఎన్నటికీ పాడలేం. పాడుతుంటేనే భయం తగ్గుతుంది.

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, ఈ వారం రోజూ ఇక్కడే ఒక పాట పాడుదాం. ఫోన్‌లో రికార్డు చేసి మన గొంతు మనమే విందాం. రెండు, మొదట ఒక్కరే పాడనక్కర లేదు. అక్క ఎత్తుకుంటే మనం అందుకుందాం. మూడు, రేడియో వాళ్లను అడుగుదాం. ఎంతసేపు పాడాలి? కూలి పోతే ఎంత ఇస్తారు? పాడినవాళ్ల పేరు చెప్తారా? అడగడం తప్పు కాదు. పాట కూడా పనే.

ఆ అక్క ఇయ్యాల కూడా వచ్చి వెనక వరుసలో కూర్చున్నది. అక్కా, నిన్ను నువ్వు పై నుంచి చూసుకోకు. సంఘం షాట్‌లో చూసుకో. పాట నువ్వు ఎత్తుకో. మేమంతా అందుకుంటాం.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. "నాతోని కాదు" అని మీరు ఏ పనిని వదులుకున్నారు?
2. సంఘం షాట్ అంటే ఏమిటి?
3. మీకు వచ్చిన ఒక పాట పేరు రాయండి. దాని కింద మీ పేరు రాయండి.