ఉస్మానియా చదువులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు ఎక్కదని మనవాళ్లే అంటూ ఉంటారు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారండీ! పాఠ్యగ్రంథాల కోసం 1917లోనే అనువాద శాఖ పెట్టారు. అయితే ఇంగ్లీషు భాష అందరికీ తప్పనిసరి. ఈ సంగతి మనం మరుస్తాం. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

ఇక పరిశోధన. అక్కడి దాయిరతుల్ మారిఫ్ పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి, అల్ బిరూనీ ఖగోళ గ్రంథాన్ని 1954-56లో అచ్చువేసింది. అదే విశ్వవిద్యాలయం 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలిపింది.

పది పాసవగానే కొడుకును దుకాణంలో కూర్చోబెట్టకండి, కూతురి చదువు మాన్పించకండి. కాలేజీ దరఖాస్తులు నింపడానికి ఆదివారం పొద్దున నేను బడిలోనే ఉంటాను.